దొర ఇల్లు మారిన వైనం

టైలరమ్మకు వంకర అంటే ఒంటికి పడదు. కుట్టు ఒక్క నూలుపోగంత పక్కకు పోయినా పళ్ళు నూరుకుంటూ విప్పేస్తుంది. ఎవరింటికైనా వెళ్ళినప్పుడు గోడమీద ఫోటో ఒరిగి కనిపిస్తే, ఇంటివాళ్ళు చూస్తుండగానే లేచి సరిచేసి వచ్చి కూర్చుంటుంది. చిన్నప్పుడు పిన్ని దగ్గర కాజాలు కుట్టడంతో మొదలైన పని, పెళ్ళయ్యాక ఇంటి ముందుగదిని మింగేసింది. కిటికీ పక్కన కుట్టు మిషను, మధ్యలో కత్తిరింపుల బల్ల, గోడ పొడుగునా హేంగర్లు. బడిపిల్లల యూనిఫారాలు, కర్టెన్లు, అన్నిటికంటే ఎక్కువగా వకీళ్ళ నల్లకోట్లు. కోర్టు రెండు వీధుల అవతలే.

ఇంత పొందికైన గదిలో పొందిక లేనిది ఒక్కటే. మిషను కింద, పెడలు పక్కన, గుడ్డపేలికల కుప్పమీద కాళ్ళు బార్లా చాపుకుని పడుకునే దొర.

దొర ఆ ఇంటి కుక్క. టైలరమ్మ భర్త బస్సు కండక్టరు. ఒక వానరోజు డిపోలో బస్సు కింద వణుకుతున్న కుక్కపిల్లను టికెట్ల సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాడు. "రెండ్రోజులుంచుకుందామే. ఎవరైనా అడిగితే ఇచ్చేద్దాం" అన్నాడు. ఎవరూ అడగలేదు. అడిగినా ఇచ్చే రకం కాదనుకోండి. సంచిలో పట్టిన పిల్ల చూస్తుండగానే దూడంత అయింది. ఒళ్ళంతా తెల్లటి బొచ్చు. ఎవరు పిలిచినా లేవదు, లేచినా నిదానంగా ఒళ్ళు విరుచుకుని గాని కదలదు. ఆ దర్జా చూసి దొర అని పేరు పెట్టింది టైలరమ్మే.

తెల్లబొచ్చుకూ నల్లకోట్లకూ ఎలా పడుతుంది? పడలేదు. ఒకరోజు పాత ఖాతాదారైన వకీలుగారు కోటు తెచ్చి బల్లమీద పడేశారు.

"ఏమ్మా, ఇవాళ జడ్జిగారు నన్నేమడిగారో తెలుసా? కేసు సంగతి కాదు. మీ కుక్కది ఏ జాతండీ అని అడిగారు. నాకసలు కుక్కే లేదు!"

టైలరమ్మకు తల కొట్టేసినట్టయింది. వకీలుగారు వెళ్ళాక మిషను కింద చూసింది. దొర ఒక కన్ను తెరిచి, చూసి, మళ్ళీ మూసుకుంది.

"ఇక నీ మకాం బయటే" అని తీర్పు చెప్పేసింది.

టైలరమ్మ తమ్ముడు వడ్రంగి. అక్క కబురు పెట్టిందే ఆలస్యం, వారం తిరిగేసరికి పెరట్లో ప్రహరీగోడ మూలన చెక్క ఇల్లు వెలిసింది. నీలం రంగు గోడలు, వాలుగా కప్పు, నేల తడి తగలకుండా కింద ఇటుకలు, ముందు బుల్లి తలుపు, దానికి గొళ్ళెం కూడా.

"అక్కా, అవసరమైతే బావ కూడా ఉండొచ్చు ఇందులో" అన్నాడు తమ్ముడు, రంగు అంటిన చేతులు తుడుచుకుంటూ.

"ఆ అవసరం కూడా దగ్గర్లోనే ఉందిలే" అంది టైలరమ్మ భర్త వంక చూస్తూ.

దొరను తీసుకొచ్చారు. వాసన చూశాడు, తుమ్మాడు, వెనక్కి తిరిగాడు. బిస్కెట్టు చూపించారు. బిస్కెట్టు తిన్నాడు గాని గడప దాటలేదు. టైలరమ్మకు ఓపిక ఎంతసేపని ఉంటుంది? తమ్ముణ్ణి మెడపట్టీ పట్టుకుని ముందునుంచి లాగమని, తాను వెనకనుంచి నెట్టింది. దొర నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకు తన్నిపట్టి బిగుసుకుపోయాడు.

"ఇష్టం లేనివాణ్ణి ఎందుకే అలా బాధపెడతావ్?" అన్నాడు కండక్టరు.

"వాడు మీ ఇష్టంతో లోపలికొచ్చాడు. నా ఇష్టంతో బయటికి పోతాడు. మీరు పక్కకు తప్పుకోండి!"

ఎలాగో లోపలికి తోసి, తలుపేసి, గొళ్ళెం పెట్టారు. అంతే, కొంపలంటుకున్నట్టు ఏడుపు లంకించుకున్నాడు దొర. అటు గోడమీంచి ఒక తల, ఇటు గోడమీంచి ఇంకో తల. "ఏమైందమ్మా, ఎవరికేమైంది?" అని పరామర్శలు. సిగ్గుతో చచ్చి గొళ్ళెం తీసింది టైలరమ్మ. దొర ఆమెను దాదాపు పడదోసి, ఒక్క అంగలో మిషను కిందికి చేరాడు. అది మొదలు పెరట్లో ఆ మూలకేసి తలెత్తి చూస్తే ఒట్టు.

"నా చేతిపనికి వంక పెట్టిన మొదటి ప్రాణి ఇదే అక్కా" అని మొహం మాడ్చుకుని వెళ్ళిపోయాడు తమ్ముడు.

టీకా వేయించడానికి వెళ్ళినప్పుడు టైలరమ్మ పశువుల డాక్టరుతో మొరపెట్టుకుంది. ఆయన అంతా విని, "నెట్టారా? గొళ్ళెం కూడా పెట్టారా? బాగుంది. ఇప్పుడు వాడి దృష్టిలో అది ఇల్లు కాదు, జైలు" అన్నాడు. తలుపు పీకేయమన్నాడు. రంగు వాసన పోయేదాకా ఆగమన్నాడు. వాడు పడుకునే గుడ్డలే లోపల పరవమన్నాడు. తిండిగిన్నె ముందు దూరంగా పెట్టి, రోజుకు కాస్త దగ్గరికి జరపమన్నాడు. తనంతట తాను వెళ్తే మెచ్చుకోవాలి, బయటికొస్తే ఆపకూడదు.

"ఇదంతా ఎన్నాళ్ళు పడుతుంది డాక్టరుగారూ?"

"అది వాణ్ణే అడగాలమ్మా."

టైలరమ్మకు ఒళ్ళు మండింది గాని, చెప్పినట్టే చేసింది. తలుపు పీకించింది. దొరను ముందుగదిలోకి రానివ్వడం మానేసింది. పేలికలన్నీ కూరి తన చేత్తో పరుపు కుట్టి పరిచింది. అంచులకు రెండు వరసల కుట్టు కూడా వేసింది, అలవాటు పోతుందా! రోజూ గిన్నె పట్టుకుని పెరట్లోకి రావడం, "నా తండ్రివి కదూ, నా బంగారానివి కదూ" అని బతిమాలడం. కట్టుకున్నవాణ్ణి కూడా ఇంతగా బతిమాలిన పాపాన పోలేదు ఆవిడ. దొర మొదట దూరంనుంచి చూశాడు. తర్వాత దగ్గరికొచ్చాడు. చివరికి గిన్నె గుమ్మం లోపల పెడితే, ముందుకాళ్ళు మాత్రం లోపల వేసి, వెనకకాళ్ళు బయటే ఉంచి, తిని, మూతి నాకుకుంటూ వెళ్ళిపోవడం నేర్చాడు. అక్కడ ఆగిపోయింది బండి. వెనకకాళ్ళు ససేమిరా అన్నాయి.

ఇదిలా ఉండగా, ఒక మధ్యాహ్నం గుండీలు తేవడానికి బజారుకు వెళ్ళిన టైలరమ్మ అనుకున్నదానికంటే ముందే తిరిగొచ్చింది. ముందుగది తలుపు తీస్తే ఏముంది? బల్ల కింద కొత్తకోటు గుడ్డ తలకింద పెట్టుకుని కండక్టరు, ఆయన పొట్టమీద తల పెట్టుకుని దొర. ఇద్దరూ గుర్రు పెడుతున్నారు.

"ఏవండీ!"

ఇద్దరూ ఒక్కసారే ఉలిక్కిపడి లేచారు. కండక్టరు తల బల్లకు కొట్టుకుంది.

"నేనక్కడ రోజూ కాళ్ళు పట్టుకుని బతిమాలి నేర్పిస్తుంటే, మీరిక్కడ వెనకదారిన పిలిచి పడుకోబెడతారా? ఎన్నాళ్ళనుంచి ఈ భాగోతం?"

"మొదటి షిఫ్టు ఉన్న రోజుల్లోనేలేవే. తలుపు దగ్గర నిలబడి అదోలా చూశాడు. ఆ చూపు నువ్వు చూడలేదు."

"ఎందుకు చూడలేదు? పెళ్ళైన దగ్గర్నుంచీ చూస్తున్నా. మీ ఇద్దరిదీ ఒకటే చూపు!"

ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగలేదు. కండక్టరు రొట్టె కొని తెచ్చుకున్నాడు. సగం దొరకు పెట్టాడని వేరే చెప్పాలా?

మర్నాడు పెరట్లోకి వెళ్తే, చెక్క ఇంట్లోకి చీమలు బారులు తీరి ఉన్నాయి. ముందురోజు పెట్టిన మాంసం ముక్క లోపలి మూలకు దొర్లిపోయింది. చెయ్యి చాపితే అందలేదు. టైలరమ్మ విసుక్కుంటూ తల దూర్చింది, భుజాలు దూర్చింది, మొత్తానికి మోకాళ్ళమీద లోపలికి పాకింది. ముక్క తీసి బయటికి విసిరి, వెనక్కి రావడం చేతగాక, అటూ ఇటూ మెలికలు తిరిగి మొహం గుమ్మం వైపు తిప్పుకుని కూలబడింది. ఆయాసం తీర్చుకుంటూ బయటికి చూసింది.

ఎదురుగా ప్రహరీగోడ. గోడమీద పెచ్చులూడిన సిమెంటు, పక్కన మురుగునీటి గొట్టం. అంతే. ఇల్లు కనబడదు, వంటగది గుమ్మం కనబడదు, మనిషి అలికిడి వినబడదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ మిషను చప్పుడులో నిద్రపోయిన కుక్క ఇక్కడ ఎలా ఉంటుంది?

"ఏమే, ఎక్కడున్నావ్?" వంటింట్లోంచి కండక్టరు కేక.

"దొర ఇంట్లో!"

ఆయన వచ్చి, వంగి చూసి, నవ్వాపుకోలేక కూర్చుండిపోయాడు. వెనకే వచ్చిన దొర మాత్రం నవ్వలేదు. గుమ్మంలో నిలబడి ఆమె మొహం వాసన చూశాడు. ఏమనుకున్నాడో, ముందుకాళ్ళు పెట్టాడు. వెనకకాళ్ళు కూడా పెట్టాడు. ఇరుక్కుని ఇరుక్కుని తిరిగి, ఆమె ఒళ్ళో వెనకభాగం పడేసి, నిట్టూర్చి పడుకున్నాడు.

"చూశావా, వెళ్ళాడు! వెళ్ళాడే!" అని చప్పట్లు కొట్టాడు కండక్టరు.

"ముందు వీణ్ణి తీయండి బాబూ! నాకు ఊపిరాడటం లేదు. మెచ్చుకోకండి, మెచ్చుకుంటే అస్సలు కదలడు!"

బయటపడ్డాక, జుట్టులోంచి బొచ్చు దులుపుకుంటూ తమ్ముడికి ఫోన్ చేసింది. "ఇల్లు బాగుందిరా, పెట్టిన చోటే బాగాలేదు. నన్ను తెచ్చి గోడ మొహాన కూర్చోబెడితే నేనూ ఉండను. మనుషుల్ని వెంటబెట్టుకుని రా."

తమ్ముడు సణుక్కుంటూ వచ్చాడు. నలుగురు కలిసి చెక్క ఇంటిని ముందువైపుకు మోసుకొచ్చి, మిషను ఉన్న కిటికీ కింద, గుమ్మం వీధితలుపు వైపు ఉండేలా దించారు. టైలరమ్మ దాని కప్పు ఒకవైపు వాలిందని రెండుసార్లు ఇటుకలు సర్దించింది. తర్వాత కిటికీ తీసి మిషను తొక్కడం మొదలుపెట్టింది. కాసేపటికి దొర వచ్చి, కిటికీ కేసి చెవులు రిక్కించి, లోపలికి వెళ్ళి పడుకున్నాడు. మిషను ఆగితే లేచి బయటికొచ్చేవాడు. అందుకని ఆ మొదటి రోజుల్లో ఆవిడ కుట్టాల్సిందేమీ లేకపోయినా పాతగుడ్డ పెట్టి ఊరికే తొక్కింది. కాళ్ళు పీకాయి. కండక్టరు అయొడెక్స్ రాస్తానంటే వద్దని కసిరింది. మెల్లగా చప్పుడు లేకపోయినా ఉండటం నేర్చాడు దొర. కోట్లమీద బొచ్చు పూర్తిగా పోలేదు గాని, బ్రష్షుతో దులిపితే పోయేంతకు వచ్చింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు మొదటి పెద్దవాన పడింది. టైలరమ్మకు కుట్టు మీద మనసు నిలవలేదు. జల్లు లోపలికి కొడుతుందేమో, పరుపు తడిసిందేమో. లేచి తలుపు తెరిచి చూసింది. దొర లోపల పొడిగా, వెచ్చగా, ముక్కు మాత్రం బయటపెట్టి వాన చూస్తున్నాడు.

"దొరా, లోపలికి రా. ఇవాళ్టికి పర్లేదులే, రా."

తోక ఒకసారి ఆడింది. దొర మాత్రం కదల్లేదు. ఆవిడ మళ్ళీ పిలిచింది. ఈసారి తోక కూడా ఆడలేదు.

టైలరమ్మ తలుపు ధడాలున వేసి వచ్చి మిషను ముందు కూర్చుంది. "ఇంత చేస్తే పిలిచినా పలకడం లేదు చూడండి" అంది. కండక్టరు పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాడు.