పొట్టేలు ఎట్ల చెబితే అట్ల

చెన్నకేశవులు మామ పుట్టిన యాభై ఎనిమిదేళ్లలో ఒక్క పని కూడా తనంతట తాను చేయలేదు. అన్నీ ఆయన పొట్టేలే చేయించింది. పొద్దున్నే ఎందుకు లేచావంటే పొట్టేలు లేపిందంటాడు. పెళ్లికి రాలేదేమంటే పొట్టేలుకు ఆ సంబంధం నచ్చలేదంటాడు. మా బేస్తవారిపేట రగ్బీ క్లబ్బుకు ఇరవై ఏళ్లుగా ఉత్త పుణ్యానికి చాకిరీ చేస్తున్నావెందుకని అడిగితే, "నాదేముందిరా, దానికి ఆ కోలబంతంటే ప్రాణం" అంటాడు. ఈ ఇరవై ఏళ్లలో పొట్టేళ్లు నాలుగు మారాయి. అభిప్రాయాలు మాత్రం మారలేదు.

ఆ బంతిని మొదటిసారి చూసినప్పుడు గుమ్మడికాయకు ఏదో రోగం వచ్చిందనుకున్నాం. ఆట రూల్సు మాకు ఇప్పటికీ సగమే తెలుసు. మామకు ఆ సగం కూడా తెలియదు. కానీ నీళ్లు మోసేది ఆయనే, బెణికిన కాలికి ఆముదం రాసేది ఆయనే, సున్నంతో గీతలు గీసేది ఆయనే. ఒకసారి ఆ గీత వంకర్లు తిరిగి నేరుగా కంపచెట్లలోకి పోయింది.

"ఏంది మామా ఇది?" అన్నాను.

"దానికి ఆ పక్క పచ్చగడ్డి కనపడిందిరా. నేనేం చేసేది?"

అసలు గొడవ ఆరేళ్ల కిందట మొదలైంది. మామ తన నూట ఇరవై గొర్రెల మందను తెచ్చి రోజూ రాత్రి క్లబ్ గ్రౌండులోనే కట్టేవాడు. పొద్దున ఆటకు పోతే నేలంతా పెంటికలు. కిందపడి లేచిన పిల్లలు మిరియాలు చల్లిన ఉడకబెట్టిన గుడ్లలాగా కనిపించేవాళ్లు. ఇంకోచోట కట్టుకోవయ్యా అంటే, "ఇంకోచోట దానికి నిద్ర పట్టదు" అనేవాడు.

మా పక్క రైతులు తమ చేలో మంద కట్టించుకోవడానికి గొర్రెలోళ్ల వెంట పడతారు. మంద వారం పడుకుంటే ఆ నేలకు అంతకు మించిన ఎరువు లేదు. జొన్నలిస్తారు, కూడు పెడతారు. మరి ఈయన్ని ఎవరూ పిలవలేదంటే ఏదో లోపం ఉండాలి కదా. ఆ లోపం నేనే కనిపెట్టాను. గొర్రెలకు గజ్జి అని టీ అంగడి దగ్గర ఒకే ఒక్కడికి చెప్పాను. మధ్యాహ్నానికి అది గిద్దలూరు దాకా పోయింది. సాయంత్రం తిరిగొచ్చేసరికి గజ్జి మామకే అంటుకుంది.

ఈ ఏడాది ఆడపిల్లల పోటీలు మా గ్రౌండులో పెట్టే అవకాశం వచ్చింది. ముందు రగ్బీ సంఘం తరఫున సుచరిత మేడం వచ్చి నేల చూసి ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే పోటీలు విజయవాడకు పోతాయి. అప్పుడు మా జట్టులో అందరికన్నా జోరుగా ఉరికే నాగవేణి ఆడదు. వాళ్లమ్మ సుబ్బరత్నమ్మ కూతుర్ని ఊరు దాటనివ్వదు.

క్లబ్ అధ్యక్షుడు ఆనంద్‌కు సిమెంటు అంగడి ఉంది. క్లబ్బుకు ఆయన చేసిన సేవంతా ఫొటోల్లో మధ్యన నిలబడటమే. ఆయన మామను పిలిపించాడు.

"మేడం వచ్చే లోపల ఒక్క పెంటిక కనపడగూడదు. మందను తోలుకపో."

"నేను పోతాలే అబ్బయా. పొట్టేలే ఏమంటాదో."

"ఏం, దానికి నోటీసు ఇయ్యమంటావా?"

"ఇస్తే తింటాది."

మంద వెళ్లిపోయింది. నాలుగో రోజు మేడం వచ్చింది. గ్రౌండంతా నడిచింది, మడమతో నొక్కింది, వంగి గడ్డి పీకి చూసింది.

"ఈ రాళ్ల నేలలో ఇంత మెత్తగా ఎట్ల చేసినారు? ఏం ఎరువు వేస్తారు?"

"స్పెషల్ మేడం. బయటి దేశం నుంచి తెప్పిస్తాం," అన్నాడు ఆనంద్.

"పేరు?"

ఆనంద్ నా వైపు చూశాడు. లేనివి పుట్టించడంలో నేను దిట్టనే గానీ, ఎరువుకు పేరు పెట్టడం అదే మొదటిసారి. ఇంతలో ఆటో ఆగింది. హనుమంతునిపాడు రైతు ఓబులమ్మ దిగి, గేటు దగ్గర నిలబడ్డ మామ దగ్గరికి గబగబా వచ్చింది.

"చెన్నకేశవులూ, నీ మందను ఈడనుంచి తరిమినారంట గదా. నా పంట పండింది. ఆరేళ్లుగా బతిమాలతన్నా, నా చేలో కట్టు నాయనా అని. వెలిగండ్ల ఊరోళ్లు గూడా వచ్చి వట్టి చేతులతో పోయినారు. ఎవురడిగినా పొట్టేలుకు ఈ గ్రౌండు తప్ప పడదంటివి. ఇప్పుడన్నా వస్తాదా?"

"మరి గజ్జి?" అని నోరు జారాను.

"ఎవురికి?" అంది ఓబులమ్మ.

"నాకు," అన్నాను.

మేడం మామ వైపు తిరిగింది. "ఆరేళ్లు అందరినీ కాదని ఊరికే ఇక్కడ కట్టినావా? ఎందుకయ్యా?"

మామ తల గోక్కున్నాడు. "నాకేం తెలుసు తల్లీ. ఆ యేడు నాగవేణి కొత్తగా ఆటకొచ్చింది. పదేళ్ల పిల్ల. రాళ్ల మీద పడి మోకాలు చీరుకపోయింది. ఇంక ఆటా లేదు గీటా లేదని వాళ్లమ్మ ఈడ్చుకపోయింది. ఆ ఏడుపు పొట్టేలు చూసింది. ఆ పొద్దు మేత ముట్టలే."

గోడ పక్కనున్న సుబ్బరత్నమ్మ నవ్వింది. "ఏడాది పోయినాంక మా ఇంటికొచ్చి, నేల మెత్తబడింది, పిల్లను పంపమని చెప్పింది గూడా పొట్టేలేనా అన్నా?"

"అదేనమ్మా. దారి తెలవదని నన్ను తోడు తెచ్చుకునింది."

గ్రౌండు పాసైంది. ఆనంద్ వెంటనే ఫొటో అన్నాడు. పోటీల మూడు రోజులూ మంద ఓబులమ్మ చేలో, ఆ తర్వాత మళ్లీ గ్రౌండులో అని మేడమే తీర్పు చెప్పింది. ఆట చూస్తానని మారాం చేసిందట, పొట్టేలొక్కటి మామతో ఆటోలో తిరిగొచ్చింది.

మొదటి ఆటలోనే ఎదుటి జట్టు పిల్లలు ఇద్దరు కలిసి నాగవేణిని పడేశారు. ఆ పిల్ల బంతి వదలకుండా, పాయింట్లొచ్చే ఆఖరు గీత దాటిందాకా జారుకుంటూ పోయింది. రెఫరీ కంటే ముందే సుబ్బరత్నమ్మ లోపలికి ఉరికి కూతురి మోకాళ్లు తడిమింది. పచ్చటి మరక తప్ప గీరు లేదు.

"పక్కకు పో మా, ఇంకా ఆట అయిపోలే," అంది నాగవేణి.

జనమంతా కేకలు పెడుతుంటే మామ మాత్రం అటు తిరిగి నిలబడ్డాడు.

"ఏంది మామా, ఏడస్తన్నావా?"

"నేనెందుకు ఏడస్తానురా. పొట్టేలుకు కంట్లో నలుసు పడింది," అని తన కళ్లు తుడుచుకున్నాడు.

పొట్టేలు రెండు కళ్లూ బాగా తెరుచుకుని, నింపాదిగా ఆనంద్ కండువా నములుతోంది.