కోటు కొలతల చీటీ

1978లో అమలాపురం మునసబు కోర్టులో జూనియర్ ప్లీడరుగా చేరాను. అక్కడ ఆడ ప్లీడరును నేనొక్కదాన్నే. ఎత్తు నాలుగడుగుల ఆరంగుళాలు. నల్లకోటు, మెడకు తెల్లబ్యాండు లేని ప్లీడరు వాదన కోర్టు వినదు. సీనియర్‌గారు తన పాత కోటు ఇవ్వబోయారు. అది నాకు మోకాళ్ళు దాటి వేలాడింది.

బట్టల కొట్టుకు వెళ్ళి రెడీమేడ్ నల్లకోటు అడిగాను.

"పాప ఏ క్లాసండీ?" అన్నాడు కొట్టాయన.

నాకేనన్నాను. బల్ల వెనక నలుగురూ నవ్వారు. "మీకా అండీ! ఓపాలి ఆ స్టూలెక్కండి, కనపడతారు" అన్నాడొకడు.

ఒడ్డూ పొడుగూ చూసి మనిషికి విలువ కట్టడం అనాగరికమని కాలేజీ చర్చల్లో గొంతు చించుకుని వాదించినదాన్ని. ఆ కొట్లోంచి తల దించుకుని బయటికి వచ్చేశాను.

ఇక దర్జీయే దిక్కు. మా వైపు దర్జీలు అప్పట్లో ఆడవాళ్ళ ఒంటికి టేపు తగిలించేవారు కాదు. పాత జాకెట్టు ఆదిగా ఇస్తే, దాన్ని కొలిచి కొత్తది కుట్టేవారు. ఆదిగా ఇద్దామంటే ఆడమనిషి నల్లకోటు మా తాలూకాలో ఎక్కడుంది? నేనే టేపుతో కొలుచుకున్నాను. అంకెలు చీటీ మీద రాసి మా ఆఫీసు గుమాస్తా సత్యంగారికిచ్చాను.

"ఎవరికని చెప్పమంటారమ్మా?"

"ఎవరికైతే ఏమండీ? కొలతలు చాలు."

"ఆయ్" అని ఆయన వెళ్ళారు.

రేపు, మాపు అంటూ దర్జీ తిప్పి తిప్పి, నేను ఒంటరిగా వాదించాల్సిన మొదటి రోజు ఉదయం కోటు పంపాడు. కక్షిదారు బండారులంక నేతగత్తె సూరమ్మగారు. ఆమె మగ్గం పాకను తన స్థలంలో ఉందంటూ పక్కింటాయన కూల్చబోతే కోర్టు తాత్కాలికంగా ఆపింది. దాన్ని ఇంజంక్షన్ అంటారు. అది ఆ రోజుతో ముగుస్తుంది. పొడిగించమని అడగకపోతే మర్నాడు పాక ఉండదు. సీనియర్‌గారు వేరే కేసు మీద కాకినాడలో ఉన్నారు.

కోర్టు వరండాలో పొట్లం విప్పి కోటు తొడిగాను. చేతులు నా వేళ్ళు దాటిపోయాయి. అంచు మోకాళ్ళను తాకింది. నిర్ఘాంతపోయాను.

"ఇదెవరి కోటండీ?" అన్నారు సూరమ్మగారు.

"నాదే."

"జడ్జీగారు మీ మాట వింటారా, ఈ చేతుల్ని చూస్తారా? నా మగ్గం పోద్దండీ. ఇలా రండి."

సంచిలోంచి సూదీ దారం తీసి, కోటు చేతులు లోపలికి మడిచి గబగబా టాకాలు వేశారు. దారం తెల్లది. బంట్రోతు మా కేసు పిలిచాడు.

"స్కూలు వార్షికోత్సవం వేషాలు కోర్టులో చెల్లవండీ" అన్నారు ఎదుటి ప్లీడరు. నియమంలో నల్లకోటు అని మాత్రమే ఉందనీ, ఎన్ని అంగుళాలో లేదనీ జవాబిచ్చాను. జడ్జిగారు కేసు సంగతి చెప్పమన్నారు. చెప్పాను. ఇంజంక్షన్ పొడిగించారు.

అక్కడినుంచి నేరుగా దర్జీ మీదికి వెళ్ళాను. నన్ను, నా కోటును చూసి అతనూ అదిరిపడ్డాడు.

"ఇది మీకా అండీ! స్కూలు నాటకంలో ప్లీడరు వేషం అనుకున్నానండీ. ఎదిగే పిల్ల కదా అని చేతులకి నాలుగంగుళాలు, పొడుక్కి ఆరు ఎక్కువెట్టేను. ఏడాదికే పొట్టయిపోతే నన్నే తిడతారు కదండీ."

ఆడదాన్ని కొలవని ఆచారం మీద ఉపన్యాసం సిద్ధం చేసుకునే వెళ్ళాను. అతను తీగకు గుచ్చిన కాగితాల్లోంచి నా చీటీ లాగి ముందు పెట్టాడు. నా దస్తూరీయే. అన్నీ అంకెలు. పేరు లేదు, వయసు లేదు. సత్యంగారు అడిగినా నేను చెప్పలేదు. కొట్లో విన్న నవ్వు మళ్ళీ వినాల్సి వస్తుందని భయపడి, ఆ కోటు నాదని నేనే దాచాను. ఆ రోజు తిన్న దెబ్బల్లో పెద్దది ఇదే.

కక్షిదారు పేరు లేని కాగితాన్ని ఏ కోర్టూ తీసుకోదు. తర్వాత నా జూనియర్లకు ఈ మాట మొదటి రోజే చెప్పేదాన్ని. దర్జీకి రాసే చీటీకీ ఆ నియమం పెట్టుకున్నాను. పైన నా పేరు, దాని కింద వయసు, ఎత్తు. అంకెలు ఆ తర్వాతే.