కిటికీ గోడ దుమ్ము

మ్యూజియంలో ఆమెను అందరూ సూదులావిడ అనేవారు. ఎదురుగానే అనేవారు, ఆమె కూడా పలికేది. ఇరవై ఆరేళ్ళుగా నేలమాళిగ గదిలో కూర్చుని, మైక్రోస్కోపు కింద రాతిని సూదితో గీకి, అందులో ఇరుక్కున్న పాతకాలపు ఎముకల్ని బయటికి తీయడం ఆమె పని. రోజంతా గీకితే వడ్లగింజంత మేర తేలేది. ఆ గదిలో తుమ్మడం నేరం. నవ్వడం అంతకన్నా నేరం.

ఆమె తండ్రి గడియారాలు బాగుచేసేవాడు. చిన్న మర కింద పడిందంటే దుకాణం తలుపులు మూసేసి, ఏ మూలకా మూల విడిగా ఊడ్చి, విడిగా పొట్లం కట్టేవాడు. "దుమ్ము పారేసినవాడు మర పారేసినట్టేనమ్మా" అనేవాడు. కూతురికి అదే అలవాటయింది. ప్రతి సాయంత్రం బల్ల మీది దుమ్ము ఒక అగ్గిపెట్టెలోకి, బల్ల కిందిది ఒకదాంట్లోకి, కిటికీ గోడ వారది ఇంకోదాంట్లోకి పోయేది. పైన తారీఖు, చోటు రాసేది. అలమారా నిండా అవే. తనను ఎవరు ఏ రోజు ఏ మాట అన్నారో కూడా అంత జాగ్రత్తగానూ దాచుకునేది. అది మంచి గుణమని ఎవరూ అనరు.

ఆ మాటల్లో సగం కోటుబాబువే. మండుటెండలో కూడా కోటు విప్పని పరిశోధకుడు అతను. ఆమె తీసిన ఎముకల మీద వ్యాసాలు రాసేది అతను, పేరొచ్చేది అతనికి. అగ్గిపెట్టెల్ని చూసి "చెత్తకి కూడా బీరువా కావాలా నీకు?" అనేవాడు.

అప్పుడు ఆమె బల్ల మీద అరచేయంత రాతిపలక ఉంది. అందులో చుంచెలుకంత జంతువు. పదహారు కోట్ల ఏళ్ళ కిందట, రాక్షసబల్లులు తిరిగే రోజుల్లో పిల్లలకు పాలిచ్చి పెంచిన జీవి. సూదులావిడ దాన్ని బుడ్డిది అనేది. పద్నాలుగు నెలల్లో తల తేలింది, పక్కటెముకలు తేలాయి, తోక తేలింది. ఎడమ వెనక కాలి వేళ్ళు మాత్రం ఇంకా పల్చటి రాతిపొర కిందే ఉన్నాయి. కోటుబాబుకు అంత ఓపికేదీ? అది నేల మీద పరిగెత్తే జంతువని ముందే తేల్చేసి వ్యాసం రాసుకున్నాడు. పెద్ద రాక్షసబల్లి కాళ్ళ సందున భయంతో పరిగెడుతున్నట్టు బొమ్మ కూడా చేయించాడు. కాలి ఫొటో ఒక్కటే తరువాయి.

పన్నెండో తారీఖున ఆమె దవడపన్ను పీకించుకోవడానికి సెలవు పెట్టింది. మర్నాడు వాచిన బుగ్గతో వచ్చి మైక్రోస్కోపులో కన్ను పెట్టింది. రాతిపొర లేచిపోయింది, బుడ్డిదాని వేళ్ళు సగానికి తెగి ఉన్నాయి. చివర్లు లేవు. ఆమె ముందు ఊడ్చింది, ఏడుపు తర్వాత. మూడు అగ్గిపెట్టెలు నింపింది.

"ఎవరు ముట్టుకున్నారు సార్ దీన్ని?"

"నన్నడుగుతావేంటి? నిన్న నేను ఈ గది మొహమే చూళ్ళేదు. నీకు చూపు మందగించిందని ఎప్పట్నించో అనుకుంటున్నా. నీ సూదే జారుంటుంది."

అంతటితో ఊరుకోలేదు. ఆ మాటే పైకెళ్ళి డైరెక్టరమ్మకు చెప్పాడు. ఒకటో తారీఖు నుంచి సూదులావిడ టిక్కెట్ల కిటికీలో కూర్చోవాలన్నారు. చెప్పుకోవాల్సింది ఏమైనా ఉంటే శుక్రవారంలోగా చెప్పుకోమన్నారు.

"పోనీలే అక్కా, చచ్చిన ఎలుక కోసం ఇంత గొడవెందుకు? టిక్కెట్లు అమ్ముకో, జీతం అదేగా" అంది ఇంట్లో చెల్లెలు.

"అది ఎలుక కాదే. నేను విరగ్గొట్టలేదు."

మూడు రోజులు ఆమె మైక్రోస్కోపు మీంచి తలెత్తలేదు. మొదటి పెట్టెలో రాతిపొడి. రెండోదాంట్లో రాతిపొడి, తన తల వెంట్రుక ఒకటి. మూడోది కిటికీ గోడ వారది. అందులో గురువారం మధ్యాహ్నానికి నాలుగు వేలికొసలు దొరికాయి. ఒక్కొక్కటి నూకగింజంత. పలకలోని మోళ్ళ పక్కన పెట్టి చూస్తే అతుకు అతుక్కీ సరిపోయింది. పొడుగాటి వేళ్ళు, చివర కొక్కేల్లా వంగిన గోళ్ళు. చెట్టు బెరడును పట్టుకుని పాకే గోళ్ళవి, నేల మీద పరిగెత్తేవి కావు. ఆ గదిలో ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి సూదులావిడ పైకే నవ్వేసింది.

శుక్రవారం కోటుబాబు ఎదుటే సూదులావిడ డైరెక్టరమ్మ బల్ల మీద అగ్గిపెట్టె పెట్టింది.

"పదకొండు సాయంత్రం ఊడ్చి తాళం వేశాను మేడమ్. పదమూడు పొద్దున మళ్ళీ ఊడ్చాను. ఇవి ఈ పెట్టెలో దొరికాయి. సూది జారితే ముక్క నా ఒళ్ళో పడుతుంది, మహా అయితే బల్ల కింద పడుతుంది. కిటికీ గోడ నాలుగు బారల దూరం. అంత దూరం ఎగరాలంటే పెద్ద రాళ్ళ మీది పొర ఎగరగొట్టే గాలి గన్నుతో కొట్టాలి."

"గన్ను నేను ముట్టుకోనేలేదు!" అన్నాడు కోటుబాబు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. డైరెక్టరమ్మ గేటు దగ్గర్నుంచి తాళాల పుస్తకం తెప్పించింది. పన్నెండో తారీఖు, నేలమాళిగ గది తాళంచెవి, ఎదురుగా కోటుబాబు సంతకం. అతని ముఖం మాడిపోయింది.

"ఇంకో మాట మేడమ్. ఆ బొమ్మని నేల మీంచి తీయించండి. ఇది కొమ్మలెక్కే జంతువు."

డైరెక్టరమ్మ మైక్రోస్కోపు తెప్పించి వేలికొసల్ని చాలాసేపు చూసింది. వ్యాసం ఆపమంది, బొమ్మ మళ్ళీ చేయించమంది. సూదులావిడను నేలమాళిగ గదికి వెళ్ళి వేళ్ళు అతికించమంది.

మెట్ల దగ్గర కోటుబాబు వెనకే వచ్చాడు. అంతవరకు ఎన్నడూ 'నువ్వు' తప్ప మరో మాట ఎరగని మనిషి.

"ఏదో తొందర్లో జరిగిపోయిందండీ. వ్యాసంలో మీ పేరు కూడా వేద్దాం. మనసులో పెట్టుకోకండి, ఇక్కడితో మర్చిపోదాం."

సూదులావిడ అగ్గిపెట్టె మూత సరిగ్గా పడిందో లేదో చూసుకుంది.

"నేను ఏదీ పారెయ్యను సార్" అని మెట్లు దిగింది.