అక్క పంపిన ఫోన్ డబ్బా

నర్సు కావడం నాకు ఇష్టం లేదని ఇప్పటివరకు నేను ఎవరికీ చెప్పలేదు. హైస్కూలు రోజుల నుంచి రాసుకుంటూ వచ్చిన డైరీలలో కూడా ఆ ఒక్క వాక్యం ఎక్కడా కనిపించదు. రాస్తే అది నిజమైపోతుందని భయమో, నాన్న చూస్తాడని భయమో, ఇప్పుడు ఆలోచించినా తేలడం లేదు. ఒక్కసారి మాత్రం, ఒక్క మనిషికి చెప్పబోయాను. మొన్న క్వార్టర్ మారుతూ బీరువా కింది సొరుగు ఖాళీ చేస్తుంటే, నాయనమ్మ పాత శాలువాలో చుట్టి పెట్టిన చిన్న నల్ల డబ్బా చేతికి తగిలింది. వెనక రెండు తీగ రంధ్రాలు, ముందు వరుసగా చిన్న చిన్న దీపపు చుక్కలు. పాత సామాన్లలో వేసేద్దామా అని మావారు అడిగితే దాన్ని పట్టుకుని అలాగే నేల మీద కూర్చుండిపోయాను.

ఇంట్లో ఫోన్ ఉండడమంటే ఏమిటో మన ఈడు వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. ముందు గదిలో స్టూలు మీద, అక్క అల్లిన లేసు గుడ్డ కప్పుకుని కూర్చునేది మా ఫోను. మోగితే ఇంటిల్లిపాదీ లేచేవాళ్ళం, ఎవరు మాట్లాడినా అందరం వినేవాళ్ళం, పక్కింటివాళ్ళకు ఫోను వస్తే గోడ మీంచి కేకేసేవాళ్ళం. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. భద్రాచలంలో గిరిజన విద్యార్థుల హాస్టలుకు వార్డెనుగా ఉన్న నాన్న, మమ్మల్ని పెంచిన నాయనమ్మ, అక్క, నేను. అక్క నర్సింగు చదివి ఐర్లండు వెళ్ళిన ఏడాదే నాయనమ్మ బావి దగ్గర జారిపడి తుంటి విరిగి మంచానికి అంటుకుపోయింది. మనవరాలి గొంతు వినకుండా పోతానేమోనని ఆమె రోజూ ఏడుస్తుంటే, నాన్న ఆమె మంచం పక్కన ఇంకో ఫోను పెట్టించి ముందు గది తీగకే కలిపించాడు. దాంతో ఇంట్లో ఎవరికి ఫోను వచ్చినా నాయనమ్మ అక్కడ రిసీవరు ఎత్తి, ఊపిరి బిగబట్టి వినేది. అయినా ఆమె ఊపిరి అందరికీ వినిపించేది.

అక్క అక్కడ నిమిషాల లెక్కన ఫోను కార్డు కొని చేసే ఆ ఫోన్లు నాలుగు మాటలకే ముగిసేవి. ముందు నాన్న, తర్వాత నాయనమ్మ, ఆ సమయానికి ఇంట్లో మా చర్చి సంఘంవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళు, చివరికి నేను. బాగున్నావా అంటే బాగున్నాను అనేలోపే కార్డు అయిపోయేది. నాకు అసలే నలుగురిలో నోరు పెగలదు. సంఘంలో వాక్యం చదవమన్నా పుస్తకంలోకి ముఖం దాచుకుని చదివేదాన్ని.

ఇంటరు పూర్తయిన వేసవిలో ఒక ఆదివారం, ఆరాధనలో దేవుడు చేసిన మేళ్ళకు సాక్ష్యాలు చెప్పే సమయంలో నాన్న లేచి నిలబడ్డాడు. పెద్ద బిడ్డను దేవుడు ఎలా నిలబెట్టాడో చెప్పి, చిన్న బిడ్డను కూడా అదే సేవకు సమర్పిస్తున్నానని, ఖమ్మంలో నర్సింగులో సీటు దొరికిందని కన్నీళ్ళతో చెప్పాడు. సంఘమంతా ఆమెన్ అన్నది. మా దగ్గర సాక్ష్యంగా చెప్పిన మాటను వెనక్కి తీసుకున్నవాళ్ళు లేరు. అది నాన్న మాట కాదిక, దేవుడి ముందు పెట్టిన మాట. ఖమ్మం కాలేజీలో బీఏ తెలుగు చదవాలని, పెద్ద లైబ్రరీ ఉన్న ఊళ్ళో పాఠాలు చెప్పుకుంటూ బతకాలని నేను లోపల కట్టుకున్నదంతా ఆ ఆమెన్ కింద పడిపోయింది. దాన్ని తిప్పగలిగిన మనిషి ఒక్క అక్కే. నాన్న దగ్గర పాస్టరు గారి మాట తర్వాత అంత బరువున్న మాట అక్కదే. అక్కతో ఒంటరిగా మాట్లాడగలిగితే చాలు, తక్కినదంతా అక్క చూసుకుంటుందని నా నమ్మకం. కానీ ఒంటరిగా మాట్లాడడం ఎలా? ఇంటి ఫోన్‌లో నాయనమ్మ ఊపిరి ఉండేది, సెల్లు నాన్న జేబులో ఉండేది. నెట్ సెంటరుకు వెళ్ళి మెయిలు రాసే ధైర్యం నాకు లేదు. అక్కడ కూర్చునే మగపిల్లలను దాటుకుని లోపలికి అడుగు పెట్టడమే నావల్ల కాలేదు.

ఖమ్మంలో చేరే రోజు దగ్గర పడుతుండగా అక్క ఈ డబ్బా పంపింది. దాన్ని మోసుకొచ్చింది సెలవుకు వచ్చిన ఆమె స్నేహితురాలు, వాళ్ళ ఊరు ఖమ్మం దగ్గరి కుసుమంచి. నాన్న అక్కడికి వెళ్ళి తెచ్చాడు. ఇంటర్నెట్టు తీగ ఒక రంధ్రంలో, మన మామూలు ఫోను తీగ ఇంకో రంధ్రంలో పెడితే, కార్డులు లేకుండా ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చట. అందుకోసం నాన్న ఇంటర్నెట్టు కూడా పెట్టించాడు. కంప్యూటరు లేకుండా ఇంటర్నెట్టు ఉన్న ఇల్లు మా వీధిలో మాదొక్కటే. చూడ్డానికి వచ్చినవాళ్ళు మోడెం దీపాలు చూసి, తెర ఏదని అడిగేవాళ్ళు.

బిగించడానికి వచ్చింది మా సంఘంలోనే ఉండే, వరసకు మామయ్య అయ్యే లైన్‌మను. గోడలోంచి వచ్చే ఫోను కంపెనీ తీగను ఫోన్ల నుంచి తీసేసి, ఇంట్లోని రెండు ఫోన్లనూ ఆ డబ్బాకు కలిపాడు. సాయంత్రం డబ్బా మోగింది. కంపెనీ ఫోను ఎప్పుడూ జంటగా మోగేది, ట్రింగ్ ట్రింగ్ అని. డబ్బా మాత్రం ఒక్కటే పొడవాటి గంట కొట్టి ఆగి, మళ్ళీ కొట్టింది. ఆ ఒంటి గంట మా ఇంట్లో అక్కకు పేరైపోయింది. అక్క గొంతు ఎంత దగ్గరగా వినిపించిందంటే నాయనమ్మ మంచం మీంచే, "ఓ బిడ్డా, ఏడున్నవే, పక్కింట్ల గిట్ల దాక్కున్నవా" అని అడిగింది. ఆ పూట కుటుంబ ప్రార్థనలో అక్క కూడా రిసీవరులోంచి పాట పాడింది. చివర నా వంతు వచ్చినప్పుడు అక్క మెల్లగా, "శనివారం మూడింటికి చేస్త. నీకొక్కదానికే. నాన్న హాస్టలుకు పోతడు, నాయనమ్మ పండుకుంటది" అన్నది. నా గొంతులో ఏం విన్నదో మరి.

ఆ శనివారం ఉదయం నుంచి వాన. గోదావరి పొంగుతున్నదని, లంక ఊళ్ళు ఖాళీ చేయిస్తున్నారని చెప్పుకుంటున్నారు. అన్నం తిని నాయనమ్మ నిద్రపోయింది. సరిగ్గా మూడింటికి డబ్బా ఒంటి గంట మోగీ మోగగానే ఎత్తాను. నేను మొదలుపెట్టలేనని తెలుసు కాబట్టి అక్కే మాట్లాడింది. తాను చూసే ముసలివాళ్ళ గురించి, చలికి పగిలిన చేతుల గురించి, అన్నంలోకి పచ్చడి లేక పడే తిప్పల గురించి చెబుతూ పోయింది. వింటూ ఉంటే ఆ మాటలు ఆపబుద్ధి కాలేదు. చివరికి స్టూలు మీది లేసు గుడ్డ అంచు పట్టుకుని, "అక్కా, నీకొకటి చెప్పాలె" అన్నాను.

"చెప్పు, వింటున్న" అన్నది అక్క.

పైన తిరుగుతున్న ఫ్యాను నెమ్మదించింది. మోడెం మీద, డబ్బా మీద దీపాలన్నీ ఒక్కసారే ఆరిపోయాయి. రిసీవరులో గాలి చప్పుడు కూడా లేదు. అడవిలో ఎక్కడో చెట్టు విరిగి తీగల మీద పడిందట. ఆ రోజంతా కరెంటు రాలేదు. మామూలు ఫోనుకు కరెంటుతో పనిలేదని, ఈ డబ్బాకు కరెంటే ప్రాణమని అప్పుడు తెలిసింది మాకు.

సాయంత్రం హాస్టలు నుంచి తడిసి వచ్చిన నాన్నకు ఇల్లంతా మూగబోయినట్టు అనిపించింది. వరద సమయం, సెల్లు టవరు కూడా పనిచేయడం లేదు, ఆఫీసు నుంచి ఫోను రావచ్చు, అందకపోతే ఎలా అని మామయ్యను పిలిపించాడు. కరెంటు ఉన్నప్పుడు అక్క, లేనప్పుడు కంపెనీ, రెండూ అవే ఫోన్లలో మోగాలని నాన్న కోరిక. మామయ్య టార్చి నోట్లో పెట్టుకుని తీగలు విప్పాడు. డబ్బాతో వచ్చిన ఇంగ్లీషు కాగితం అప్పటికే చాలాసార్లు చదివి ఉన్నాను. డబ్బాకు కలిపిన ఫోను తీగను గోడలోని తీగతో ఎప్పుడూ కలపవద్దని, కలిపితే బయటి ఫోను మోగగానే డబ్బా కాలిపోతుందని అందులో నల్లటి పెద్ద అక్షరాలతో ఉంది. కాగితం పట్టుకుని వెళ్ళి, కలపొద్దని రాసి ఉంది మామయ్యా అన్నాను. నా గొంతు ఎంత లేచిందో నాకే తెలియదు.

"ఏంది కోడలా, కాయితం జదివి నాకే పాఠం చెప్పవడ్తివి? నువ్వు ఉయ్యాలల ఉన్నప్పటి సంది స్తంభాలెక్కుతున్న" అని నవ్వి, నాన్నవైపు తిరిగి, "రెండూ ఫోనే కద బావా, కలిపితే కొట్టుకుంటయా" అన్నాడు.

నాన్న కూడా నవ్వాడు. "మామకు తెల్వదా బిడ్డా, నువ్వు పొయ్యి చాయ్ పెట్టు" అన్నాడు. నేను చాయ్ పెట్టడానికి వెళ్ళాను. తెచ్చేసరికి మామయ్య రెండు తీగలూ కలిపేశాడు.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చేసరికి కరెంటు వచ్చింది. మోడెం దీపాలు, డబ్బా దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. మర్నాడే ఖమ్మం ప్రయాణం, పెట్టె సర్ది గడప దగ్గర ఉంది. నాన్న వరద చూడడానికి కరకట్ట మీదికి వెళ్ళాడు. అక్క తప్పకుండా చేస్తుంది, నిన్న ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి చెప్పాలి అనుకుంటూ స్టూలు పక్కనే కూర్చున్నాను. ఫోను మోగింది. ట్రింగ్ ట్రింగ్. జంట గంట. అక్క కాదు. ఇంకోసారి మోగేలోపు డబ్బాలో టప్పున చిన్న చప్పుడై, కాలిన వాసన వచ్చి, దాని దీపాలు పోయాయి. ఫ్యాను తిరుగుతూనే ఉంది, మోడెం మెరుస్తూనే ఉంది. ఎత్తితే సంఘ పెద్ద గారి భార్య. రేపు నర్సింగులో చేరబోతున్నందుకు నన్ను దీవించడానికి చేసిందట. లోపలి గదిలోంచి నాయనమ్మ ఊపిరి వినిపిస్తుండగా, వందనాలు అమ్మగారూ అన్నాను.

డబ్బా ఎంతసేపటికీ పలకకపోయేసరికి అక్క రాత్రి ప్రార్థన వేళకు కార్డు కొని కంపెనీ ఫోనుకే చేసింది. నాన్న, నాయనమ్మ, చాయ్‌కి వచ్చిన మామయ్య, చివరికి నేను. ఏదో చెప్తానన్నవు కదా అని అడిగింది. ఎదురుగా నాన్న బైబిలు మూసి నావైపే సంతోషంగా చూస్తున్నాడు. ఏం లేదక్కా అన్నాను.

రెండేళ్ళకు అక్క సెలవుకు వచ్చి, నర్సులు గుండె దగ్గర గుచ్చుకునే గడియారం నాకు తెచ్చింది. దాన్ని నా యూనిఫాంకు తానే పెట్టి దూరంగా నిలబడి చూసుకుంది. అప్పుడేం చెబుతాను? నాయనమ్మ మాత్రం ఆ డబ్బాను పారేయనీయలేదు. దాంట్లో తన మనవరాలి పాట ఉన్నదన్నది. ఆమె చివరి రోజుల్లో మందులు వేసింది, ఒళ్ళు తుడిచింది నేనే. నర్సునైనందుకు కదా అలా చేయగలిగానని అనుకుంటాను, ఆ మాట నిజమే. సెలవు రోజున నవల చదువుతూ మధ్యలో ఆగిపోయి కిటికీలోంచి చూస్తూ కూర్చుంటాను, అదీ నిజమే.

ఇప్పుడు ఎవరి ఫోను వాళ్ళ చేతిలోనే ఉంది. పక్కగదిలో ఎవరూ ఊపిరి బిగబట్టి వినరు. కార్డులు లేవు, గంటలు లేవు, కరెంటు పోయినా మాట తెగదు. ఒంటరిగా మాట్లాడుకోవడానికి ఆ రోజుల్లో నాకు లేనివన్నీ ఇప్పుడు ఉన్నాయి. చెప్పాల్సిన సమయమే ఎటో వెళ్ళిపోయింది. నిన్న అక్క వీడియోలో మాట్లాడుతుంటే డబ్బా తీసి చూపించాను. పగలబడి నవ్వింది, మామయ్యను తిట్టింది, నాయనమ్మను తలుచుకుని కళ్ళు తుడుచుకుంది. తర్వాత, ఆ శనివారం ఏదో చెప్పబోయావు, కరెంటు పోయింది, ఏమిటది అని అడిగింది. ఇన్నేళ్ళూ గుర్తుంచుకుంటుందని నేను అనుకోలేదు. గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. గుర్తు లేదక్కా అన్నాను.

అక్క ఫోనును ముఖానికి ఇంకా దగ్గరగా జరుపుకుంది.

"గుర్తొచ్చినప్పుడే చెప్పు తీ. నేనేడికి పోత."