చెరకు గట్టు మీద చిన్న కెమెరా

నా కుడి భుజానికి నేను రోజూ కృతజ్ఞత చెప్పుకుంటాను. ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే సమయంలో అందరూ స్వస్థతకు స్తోత్రం చెబుతారు. నాకు లేచి నొప్పికి స్తోత్రం చెప్పాలనిపిస్తుంది. మా ఆవిడ చూపు చూసి కూర్చుండిపోతాను. ఆ నొప్పే రాకపోతే శారదా నది పక్కన అరెకరం చెరకు వేసుకునే ఒక ముసలావిడ, తన పొలం ఎవరో లాక్కుంటారన్న భయంతో ఈ రోజుకీ గట్టు దిగకుండా కాపలా కాస్తూ ఉండేది. ఆ భయం పెట్టిన మనిషిని నేనే. రెండేళ్లపాటు ఆ సంగతి నాకు తెలియదు.

లెక్కల మాస్టారుగా రిటైరైన రోజున నా దగ్గర మిగిలినవి రెండు: కోపం, ఖాళీ సమయం. కోపం మా ఆవిడకు అలవాటే. ఖాళీ సమయాన్ని పిట్టల ఫొటోలకు ఇచ్చాను. మొదట చిన్న కెమెరాతో ఊరి చివర పిచ్చుకలు, మైనాలు తీశాను. అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. చివరికి చంటిపిల్లాడంత బరువున్న తెల్ల లెన్సు కొన్నాను. దాన్ని నిలబెట్టడానికి మూడు కాళ్ల ట్రైపాడ్, అది కూడా తక్కువ బరువేం కాదు. రాజయ్యపేట సముద్రపు ఒడ్డున ఇసుకలో దాన్ని దించితే వలలు బాగుచేసుకునేవాళ్లు పని ఆపి చూసేవారు. ఆ చూపు నాకు బాగుండేది, దాచుకోవడం దేనికి. చేతిలో చిన్న కెమెరాతో ఎవరైనా కనిపిస్తే, పాపం పెళ్లి ఫొటోలు తీసుకునేవాడు కాబోలు అని మనసులో చులకన చేసేవాణ్ణి.

ఇన్ని పిట్టల్లో నాకు పిచ్చి పట్టించింది జెముడు కాకి. నల్లటి ఒళ్లు, ఇటుక రంగు రెక్కలు, ఎర్రటి కళ్లు. బయల్దేరేటప్పుడు అది ఎదురైతే వెళ్లిన పని అవుతుందని మావైపు సంబరపడతారు. అనకాపల్లి చుట్టుపక్కల ఏ చెరకు తోట పక్కన నిలబడ్డా దాని పిలుపు లోపలెక్కడి నుంచో వినిపిస్తుంది. గూడు మాత్రం కంటపడదు. అది పిల్లలకు మేత పెడుతుండగా ఒక్క ఫొటో తీయాలి. నాకు కావలసింది అంతే.

ముసలావిడ తోటలో ఒక జంట ఉందని రోడ్డు మీద స్కూటర్ ఆపి వింటేనే తెలిసింది. వానాకాలం రెండు సీజన్లు ఆ తోట ఎదుటి గట్టు మీద కాపు కాశాను. వానాకాలంలో చెరకు గాలికి పడిపోకుండా, ఎండిన ఆకుల్ని తాడులా మెలేసి పక్కపక్క దుబ్బులను కలిపి కట్టేస్తారు. వాటిని జడచుట్లు అంటారు. కట్టాక వరసల మధ్య సన్నటి సందులు మిగులుతాయి. మనిషైతే పక్కకు తిరిగి దూరగలడు, నా ట్రైపాడ్ పట్టదు. అందుకని దూరంగా గట్టు మీదే దాన్ని పాతి, నెత్తిన టోపీతో, ఒక కన్ను మూసుకుని, ఆ తెల్ల గొట్టంలోంచి తోటను ఈ చివర నుంచి ఆ చివరకు చూసేవాణ్ణి. వెలుతురు, దూరం, సమయం నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. మర్నాడు అదే చోట నిలబడాలని గట్టు మీద ఒక కర్ర గుచ్చి దానికి ఎర్రగుడ్డ కట్టేవాణ్ణి. మా ఆవిడ పాత జాకెట్టు గుడ్డ అది, అంచున సన్నటి పసుపు కుట్టు ఉండేది.

మొదటి వారంలోనే ముసలావిడ నా దగ్గరికి వచ్చింది. బక్కపలచని మనిషి, చేతిలో కొడవలి, వెనక ఒక మేకపిల్ల.

"ఏటి బావూ సూత్తన్నారు?" అంది.

సరిగ్గా అప్పుడే తోటలో ఆకు కదిలింది. నేను పెదవి మీద వేలు పెట్టి ఊరుకోమన్నాను.

"ఎవులు పంపేరు బావూ మిమ్మల్ని?"

"ఎవరూ పంపలేదమ్మా. నీ పని చూసుకో. ఇక్కడ జెముడు కాకి గూడుందా?"

"ఏటీ నేదు బావూ ఇక్కడ. ఎల్లిపోండి."

ఆవిడ అలా అంటుండగానే లోపల్నుంచి జెముడు కాకి కూసింది. ముసల్ది పచ్చి అబద్ధాలకోరు అని ఇంటికెళ్లి మా ఆవిడతో చెప్పాను. నేను పాతిన కర్రలు ప్రతిసారీ మాయమయ్యేవి. పశువులు కాసేవాళ్లే తీసేస్తున్నారనుకుని వాళ్ల మీద కూడా కేకలేశాను. బడిలో ఎవడు అల్లరి చేశాడో తెలియకపోతే బెంచీ మొత్తాన్ని నిలబెట్టే అలవాటు నాది. రిటైరైనా పోలేదు.

మూడో ఏడు ఎండల్లో, ఒక పొద్దున లెన్సు సంచి ఎత్తబోతే భుజంలో ఏదో పట్టేసింది. మర్నాటికి చెయ్యి చెవిదాకా కూడా లేవలేదు. మా ఆవిడ ఆస్పత్రిలో నర్సుగా చేసింది, ఆమెకు నా ముఖం చూస్తే చాలు. డాక్టరు బరువులు ఎత్తొద్దు అన్నాడు, ఈవిడ దాన్ని చట్టం చేసింది.

"సొక్కా నాను తొడగాలి, తల నాను దువ్వాలి. ఇంకా ఆ లెన్సు మోత్తారేటండీ?" అంది.

"అది లేకపోతే నాకు పిట్టలే వద్దు," అన్నాను.

"వద్దంటే మానీండి. నాకు మీ సెయ్యి కావాలి."

నిజంగానే మానేశాను. రెండు నెలలు అలిగి కూర్చున్నాను. తోటల్లో జెముడు కాకి కూత వినిపిస్తే కిటికీ మూసేవాణ్ణి. అంత పంతం నాది. చివరికి ఆమే నన్ను విశాఖపట్నం తీసుకెళ్లి, షాపులో నా చేత ఒక్కో కెమెరా ఎత్తించి, ఏది ఎత్తినప్పుడు నా ముఖం నొప్పితో ముడుచుకోలేదో అది కొనిపించింది. లోపల అద్దం ఉండని తేలికైన చిన్న మిర్రర్‌లెస్ కెమెరా, జానెడు పొడవైనా లేని లెన్సు. మెడలో వేసుకుంటే ఉన్నట్టే తెలియదు. నాకు సిగ్గేసింది. మబ్బు పట్టిన రోజున బొమ్మ గరుకుగా వస్తుంది, దూరాన ఉన్న పిట్ట నలుసంతే పడుతుంది. పాత లెన్సు ఇచ్చే నునుపు దీనికి రాదు, ఇప్పటికీ ఆ మాట ఒప్పుకుంటాను. దూరం నుంచి తీయలేను కాబట్టి దగ్గరికి నడవాల్సిందే.

వానలు పడ్డాక ఒక ఉదయం మళ్లీ ఆ గట్టుకే వెళ్లాను. ట్రైపాడ్ లేదు, టోపీ లేదు, నోటుబుక్కు కూడా లేదు. ముసలావిడ జడచుట్లు కడుతోంది. నన్ను చూసి చేతులు దులుపుకుంటూ వచ్చింది.

"ఎవులు నాన్నా నువ్వు? ఎండనపడి వచ్చేవు, నీళ్లు తాగుతావా?" అంది.

ఆవిడ నన్ను గుర్తుపట్టలేదు. సీసాలో నీళ్లిచ్చింది. ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం. ఈ తోట మీదేనా అని అడిగానో లేదో, ఆవిడ ఎన్నాళ్లనుంచో ఎవరికో చెప్పుకోవాలని ఆపుకున్నదంతా బయటపెట్టింది.

"నాదే నాన్నా. ఉన్నది ఈ అరెకరమే. ఇది కూడా పోద్దేమో అని రెండేళ్లబట్టి నిద్దర నేదు. ఒకడొచ్చేవోడు. మూడు కాళ్ల మిసను పెట్టీసి, అలగ కన్ను మూసుకుని మొత్తం కొలిసీవోడు. పుస్తకంలో రాసుకునీవోడు. ఎర్రగుడ్డ కట్టీసి కర్రలు పాతీసీవోడు. ఏటి బావూ అంటే నోరు ముయ్యమని ఏలు సూపించేడు. ఎవులు పంపేరంటే సెప్పడు. పక్కూరిలో అలగే వచ్చేరు, అలగే కొలిసేరు, రాళ్లు పాతేరు. ఏ కంపినీకో, ఏ రోడ్డుకో."

"కర్రలు నువ్వే తీసేశావా?" అన్నాను.

"నానే. కర్ర నేకపోతే మళ్లీ మొదట్నించి కొలుసుకోవాల గదా. గొలుగొండలో మనవరాలికి పురుడొచ్చింది. ముని మనవడు పుట్టేడు. ఇప్పుడు నడిసేత్తన్నాడంట. నాను సూణ్నేదు. నాను ఊళ్లో నేని రోజు సూసి వాడు రాళ్లు పాతీత్తే ఏటి సెయ్యను?"

మేకపిల్ల, అంటే అప్పటికి ఎదిగిన మేక, వచ్చి నా మోకాలు వాసన చూసింది. దాని మెడలో వెలిసిపోయిన ఎర్రగుడ్డ. అంచున సన్నటి పసుపు కుట్టు.

అది మా ఆవిడ జాకెట్టు గుడ్డే. ముప్పై ఏళ్లకు పైగా పిల్లల చేతి మీద బెత్తంతో కొట్టినప్పుడు కూడా ఇంత సిగ్గు పడలేదు. లేచి వెళ్లిపోదామనిపించింది. గుర్తుపట్టలేదుగా, ఎవరికి తెలుస్తుంది అని ఒక్క క్షణం అనుకున్న మాట నిజం. కానీ నేను చెప్పకపోతే ఈవిడ ఆ పిల్లవాణ్ణి చూడదు.

"అమ్మా, ఆ మనిషిని నేనే," అన్నాను.

ఆవిడ నన్ను పైనుంచి కిందకు చూసింది.

"ఆ మిసనేదీ?"

"ఇంట్లో ఉంది. అది కొలిచే మిషను కాదు, పెద్ద కెమెరా. పొలం కొలవలేదమ్మా, ఒట్టు. జెముడు కాకి కోసం వచ్చాను. ఆ రోజు నువ్వు అడిగినప్పుడు చెప్పాల్సింది. చెప్పలేదు. నాది తప్పు."

ఆవిడ కొడవలి మొన నేలలో గుచ్చి తీస్తూ ఉంది.

"పిట్ట కోసమా," అంది చివరికి. "పిట్ట కోసం నన్ను రెండేళ్లు ఇక్కడ కట్టీసేవా."

నా కళ్లల్లో నీళ్లొచ్చాయి. ఆవిడ అది చూసిందో ఏమో, కొంగుతో ముందు తన ముఖం తుడుచుకుని, "సరే, లే. అడిగితే నానే సూపిద్దును గదా," అని తోటలోకి నడిచింది. నేను వెనకే పక్కకు తిరిగి, ఆకులు ముఖాన గీసుకుపోతుంటే, ఆరో వరస దాకా వెళ్లాను. ఆవిడ ఆగి చెయ్యి చాచింది. జడచుట్టు ముడి మీద, ఎండుటాకులు పోగేసినట్టు గూడు. లోపల రెండు పిల్లలు, ముళ్లలాంటి ఈకలతో. మేం వంగి అక్కడే కదలకుండా కూర్చున్నాం. కాసేపటికి తల్లో తండ్రో, నోట్లో మిడతతో వచ్చింది. నాలుగు ఫొటోలు తీశాను. కెమెరా చప్పుడు కూడా చెయ్యలేదు. వచ్చిన దారినే వెనక్కి వచ్చేశాం.

గట్టు మీద తెర చూపించాను. బొమ్మ గరుకుగా ఉంది, ఒక రెక్క చెదిరింది. ఆవిడకు పిట్టతో పనిలేదు. తెర మీద వేలు పెట్టి, "ఇది నాను కట్టిన జడే," అంది.

వారం తిరక్కుండా ఆ ఫొటో పెద్దదిగా ప్రింటు తీయించి ఇచ్చాను. దాన్ని పట్టాదారు పాసుపుస్తకంలో పెట్టుకుంటానంది. ఎవరైనా కొలవడానికి వస్తే ఇక్కడ పిల్లలున్నాయని చూపిస్తుందట. నవ్వబోయి ఆగిపోయాను.

ఆ తర్వాతి ఆదివారం ప్రార్థన అవగానే తోటకు వెళ్లాను. గట్టు ఖాళీగా ఉంది. మేక లేదు, ముసలావిడ లేదు. పక్క పొలంలో నీళ్లు కడుతున్న రైతు నన్ను చూసి పార పక్కన పెట్టాడు.

"మేస్టారూ, ముసల్ది నిన్ననే గొలుగొండ ఎల్లిపోయింది. మేకని నా కాడ కట్టీసింది," అన్నాడు.

"పొలం మాటేమిటి?" అన్నాను.

"అడిగేను. కెమెరా మేస్టారు సూసుకుంతారులే అని బస్సెక్కీసింది."

ఆ రోజు నేను పిట్టల వైపు చూడలేదు. చిన్న కెమెరా మెడలో వేసుకుని, ఆవిడ కూర్చునే చోటే కూర్చుని, మధ్యాహ్నం దాకా చెరకు తోటకు కాపలా కాశాను.