వంతెన దాటాక కుడివైపు

మామయ్య సాయంత్రం ఆరింటికి వచ్చేవాడు, ఆరుంపావుకల్లా చచ్చిపోయేవాడు. ఆదివారాలైతే ఇంకా ముందే.

ఆయన కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసేవాడు. ఊళ్లో సగం మందికి చూపు సరిచేసిన మనిషికి, టీవీలో ఏనుగంత శత్రుసైనికుడు ఎదురుగా నిలబడినా కనిపించేవాడు కాదు. అయినా యుద్ధం వీడియో ఆటలంటే పడి చచ్చేవాడు. అదీ ఒక్కడే కూర్చుని, కథ మొదటినుంచి నడిపించుకునే క్యాంపెయినే ఆడేవాడు. ఎవరైనా తోడు ఆడతామంటే, "తెలిసినవాళ్లని కాల్చడం మర్యాద కాదు" అనేవాడు.

మేనకోడలికి అప్పుడు పదకొండేళ్లు. మామయ్య పాత కన్సోల్ చంకలో పెట్టుకుని రావడం, డిస్కుని చొక్కా అంచుతో తుడవడం, వైరు సరిగ్గా తగలక టీవీ నెత్తిన ఒకటి వేయడం, ఇన్నేళ్ల తర్వాతా ఆమె కళ్లకు కట్టినట్టే ఉంటాయి.

మూడో మిషన్‌లో ఒక వంతెన. అది దాటగానే ఆటలోని కెప్టెన్ కుడివైపు సందులోకి పొమ్మని గొంతు చించుకునేవాడు. మామయ్య ఎడమకి తిరిగేవాడు. ఎడమవైపు మరతుపాకి. అంతే సంగతులు. పది నెలలు ఇదే వరస.

"ఎందుకు మామయ్యా అటే పోతావు?"

"ఇవాళైనా ఆ తుపాకీవాడు టీకి వెళ్లాడేమోనని."

"ఒరేయ్, ఆ కెప్టెన్ మాట ఒక్కసారి వినరా," అని అమ్మ వంటింట్లోంచి మొత్తుకునేది.

"నీ మాటే ఏనాడూ వినలేదు కదక్కా, వాడెవడు?"

పక్కన పడక్కుర్చీలో నాన్న. బళ్లో డ్రిల్ మాస్టారు. ఒకప్పుడు ఆయన 'అటెన్షన్' అంటే వీధిలో పోయేవాళ్లు కూడా బిగుసుకుపోయేవారు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, మాట రెండూ పడిపోయాయి. రోజూ మాట్లాడించమని డాక్టరు చెప్పాడు. అమ్మ ఎంత బతిమాలినా ఆయన మొహం గోడకి తిప్పుకునేవాడు.

ఒకరోజు మామయ్య వంతెన మీద ఉండగా ఆ కుర్చీలోంచి, "కు... కు..." అని వినిపించింది.

"కుర్చీ జరపాలా బావగారూ?" అంటూ మామయ్య ఎడమకే తిరిగాడు.

"కుడి!"

గది దద్దరిల్లింది. అమ్మ చేతిలో గరిటె జారిపోయింది. మామయ్య మాత్రం, "అయ్యో, చూసుకోలేదు," అని నింపాదిగా చచ్చాడు. ఆ తర్వాత ఒక్కొక్కటిగా 'ఆగు', 'వంగు' వచ్చాయి. అన్నిటికన్నా స్పష్టంగా వచ్చింది 'బుద్ధుందా'.

ఒక మధ్యాహ్నం మేనకోడలు కాడ విరిగిన కళ్లజోడు పట్టుకుని దుకాణానికి వెళ్లింది. వెనక గదిలో, చిన్న టీవీ ముందు మామయ్య. వంతెన దాటాడు, కుడికి తిరిగాడు, ఒంటిమీద గీత పడకుండా మిషన్ ముగించాడు.

"మామయ్యా! నీకు ఆడటం వచ్చా?"

ఆయన ఉలిక్కిపడి తలుపు మూశాడు. "ఇంట్లో అనకే తల్లీ. ఎన్ని రకాలుగా చావొచ్చో చూసుకుంటున్నా. నిన్న మరీ తేలిగ్గా చచ్చాను, మీ నాన్న అదోలా చూశారు."

ఆ సాయంత్రం ఆమె పెదవి విప్పలేదు. మామయ్య కొత్త పద్ధతిలో, వంతెన మీంచి నేరుగా నదిలోకి దూకేశాడు.

నాన్న ఒక్కో మాటా కూడదీసుకుని, "నిన్నటి... చావే... బాగుంది," అన్నాడు.

మామయ్య చటుక్కున కుర్చీ వైపు తిరిగాడు.

"ఇరవై ఏళ్లు... డ్రిల్లు... చేయించాను. కావాలని... తప్పటడుగు... వేసేవాడు... నాకు తెలీడా?"

"ఎప్పట్నుంచి తెలుసు?"

"మొదటి... వారం."

"మరి ఇన్నాళ్లూ అట్లా అరిచారేంటి?"

"పాపం... అంత కష్టపడి... చస్తున్నావు... కదా."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పడీపడీ నవ్వింది. మామయ్య గొంతు సవరించుకుని మళ్లీ వంతెన ఎక్కాడు. ఆ ఇంట్లో మొట్టమొదటిసారి కుడికి తిరిగాడు. సందు చివర రెండు దారులు చీలాయి.

"ఇప్పుడెటు బావగారూ?" అన్నాడు, ఏమీ ఎరగనట్టు.