తొక్కితే దిగని పార

పోయిన నెల మా పెద్దమ్మ గారి కొత్త ఇంటి గృహప్రవేశంలో, రెండో పంక్తి భోజనాల దగ్గర, మా బావగారు ఒక కథ చెప్పారు. బావగారంటే పెద్దమ్మ కూతురి భర్త, విస్తరి వైపు చూడకుండా ఎదుటివాళ్ళ మొహాల్లో నవ్వు వెతుక్కుంటూ తినే మనిషి. ఒకప్పుడు విదేశం వెళ్ళే సరుకు కాగితాల్లో పారకు తప్పు పేరు పడి గొడవైతే, తానే గోడౌన్‌లోంచి ఒక పార తెచ్చి నేల మీద పెట్టి, "ఏదీ, తొక్కి సూడండి, దిగుద్దేమో!" అన్నారట. పంక్తి పంక్తంతా నవ్వింది. మా పెదనాన్న పొలమారేలా నవ్వారు. ఆ పార తెచ్చింది నేను. ఆ మాట అన్నది నేను. రెండు విస్తళ్ళ అవతల, తల వంచుకుని పప్పులో నెయ్యి కలుపుకుంటున్నదీ నేనే.

మన ఈడు ఆడవాళ్ళు నలుగురు కలిస్తే మొదటి ఉద్యోగం గురించి ముచ్చటగా చెప్పుకుంటారు, మొదటి జీతంతో అమ్మకు చీర కొన్నామనీ, ఆఫీసులో అందరూ ఇంట్లో మనుషుల్లా చూసుకున్నారనీ. నన్నూ ఇంట్లో మనిషిలాగే చూసుకున్నారు, అదే నా ఫిర్యాదు.

డిగ్రీ అయిన ఏడాది అది. పెదనాన్నకు నర్సీపట్నంలో ఇనప సామాను వ్యాపారం ఉండేది. రోలుగుంట వైపు కొలుముల్లో చేయించిన పారలూ కొడవళ్ళూ గొడ్డళ్ళూ చాన్నాళ్ళు చుట్టుపక్కల సంతల్లోనే అమ్మేవారు, తర్వాత ఎవరో దారి చూపిస్తే చెరకుతోటలున్న ఒక దూరదేశానికి విశాఖ రేవు మీదుగా ఓడలో పంపడం మొదలుపెట్టారు. కాగితాల వ్యవహారం బావగారిది, ఆయన చెప్పింది కంప్యూటర్‌లో ఎక్కించడం నాది. నోట్లో నాలుక లేని పిల్ల, పుస్తకం చేతికిస్తే అన్నం కూడా అడగదు, ఇలాంటిదైతే ఎదురు చెప్పదు అని నన్ను ఎంచుకున్నారు. పని నేర్చుకుంటే విశాఖలో తెరవబోయే చిన్న ఆఫీసులో కుర్చీ నీదేనని పెదనాన్న చేరిన రోజే మాట ఇచ్చారు. ఆ మాట నాకు ఎంత పెద్దదో ఆయనకు తెలియదు. మా ఇంట్లో నేను చదువుకునేది మంచం మూల, అందరి కాళ్ళ మధ్య. విశాఖ అంటే తలుపున్న గది, నడిచి వెళ్ళేంత దూరంలో గ్రంథాలయం, లైటు ఆర్పమని అరిచేవాళ్ళు లేకపోవడం. రోజూ డైరీలో ఆ గదికి ఒక కొత్త వస్తువు చేర్చుకునేదాన్ని, ఒకనాడు కిటికీ, ఒకనాడు కూజా.

బావగారికి మాత్రం ఆ కుర్చీలో తన తమ్ముణ్ణి కూర్చోబెట్టాలని ఉండేది. దాన్ని ఆయన దాచుకోనూ లేదు. "ఒక్కత్తివీ ఎల్లి ఏటి సేస్తావమ్మా ఇసాపట్నంలో, ఇసకలో కూసుని కతల పుస్తకాలు సదువుతావేటి?" అని కలాసీలు సామాను దింపుతూ వింటుండగా అడిగేవారు. వాళ్ళు నవ్వితే ఆయనకు ఆ పూటకి భోజనం చేసినంత తృప్తి.

నిజానికి ఆ ఆఫీసులో నేను ప్రేమించింది ఒక్కదాన్నే, అది కస్టమ్స్ వాళ్ళ టారిఫ్ పుస్తకం. ప్రపంచంలో ఒక దేశం నుంచి ఇంకో దేశానికి వెళ్ళే ప్రతి వస్తువుకీ అందులో ఒక అంకె ఉంటుంది, ఆ అంకెను బట్టే సుంకం. రైతులూ అడవిలో పనిచేసేవాళ్ళూ చేత్తో వాడే పనిముట్లన్నీ ఎనభై రెండో అధ్యాయం మొదట్లోనే ఉంటాయి. గొడ్డళ్ళదీ కొమ్మలు నరికే బరువు కత్తులదీ ఒక అంకె. మొక్కలు కత్తిరించే కత్తెర ఒంటిచేత్తో వాడేదైతే ఒక అంకె, రెండు చేతులూ కావలసి వస్తే ఇంకో అంకె. మనిషి చెయ్యి ఎలా కదులుతుందో అంత శ్రద్ధగా చూసిన పుస్తకం నాకు అంతకుముందు దొరకలేదు. మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే నవల చదివినట్టు చదివేదాన్ని.

అలా చదువుతుండగానే పార దగ్గర ఆగిపోయాను. మన బళ్ళో అందరం వల్లెవేసిందే, పార అంటే స్పేడు. బావగారు కూడా అదే రాయించేవారు. కానీ ఆ పుస్తకంలో స్పేడు అంటే పిడికి తిన్నగా రేకు ఉండేది, కాలితో తొక్కి నేలలో దింపేది, దానికి ఒక అంకె. మన పార రేకు పిడికి అడ్డంగా తిరిగి ఉంటుంది, పైకెత్తి కొట్టి మట్టిని తనవైపు లాక్కుంటుంది. అలాంటివాటిని వాళ్ళు హో అంటారు, దాని అంకె వేరు. పొలం గట్టు మీద పార పని చూడనివాడు మా ఆఫీసులో ఒక్కడూ లేడు, అయినా అందరి బుర్రల్లో చిన్నప్పటి బడి మాటే.

నేను చెప్పాను. సన్నగా, తలుపు దగ్గర నిలబడి, కానీ చెప్పాను. బావగారు కుర్చీ వెనక్కి వాల్చి, "హో ఏటే? గేదెల్ని తోల్తన్నావా, హో హో అని? డిక్షనరీ సూసుకో. పారంటే స్పేడని రెండో తరగతి పిల్లడు సెప్తాడు. మూసుకుని కొట్టు, బేగి" అన్నారు. కొట్టాను. ఆ రోజు నుంచి కలాసీలకు నేను హోహో మేడమ్‌నయ్యాను.

ఓడ చేరాక అక్కడి కస్టమ్స్ వాళ్ళు పెట్టెలు విప్పారు. కాగితం మీద ఉన్నది ఒకటి, పెట్టెలో ఉన్నది ఒకటి, ఏదో దాచి తెస్తున్నారని సరుకంతా ఆపేశారు. కొనుక్కున్నవాడు తిడుతూ రాశాడు. పెదనాన్న ఆఫీసు మధ్యలో నిలబడి ఇది ఎవడి నిర్వాకమని అరిచారు. బావగారు తల కూడా తిప్పకుండా, "టైపు కొట్టింది ఈ గుంటే" అన్నారు.

ఆ క్షణాన నా విశాఖ గది కిటికీ మూసుకుపోవడం కళ్ళకు కట్టింది. ఏం చేస్తున్నానో తెలియకుండానే గోడౌన్‌లోకి వెళ్ళి పిడి వేసిన పార ఒకటి మోసుకొచ్చి బావగారి కాళ్ళ ముందు పెట్టాను. "స్పేడైతే తొక్కితే దిగాలి. ఇది దిగుద్దేమో తొక్కి సూడండి బావగారూ" అన్నాను. కలాసీల్లో ఒకడు కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వే నా కొంప ముంచింది. అంతవరకూ ఆయన మాటలకు నవ్వే మనుషులు, ఒక్కసారిగా ఆయన్ని చూసి నవ్వారు.

"నన్ను తొక్కమంటావేటే?" అని ఆయన లేచారు. పెదనాన్న పార వైపు చూశారు, నా వైపు చూశారు, ఆయనకు అర్థమైందని నాకు తెలిసిపోయింది. కానీ అల్లుడు. "పెద్దంతరం సిన్నంతరం లేదా? ఇంటికెల్లు" అన్నది నాతోనే. సాయంత్రానికల్లా చుట్టాలందరికీ చేరింది, ఆ పిల్ల బావని తొక్కమందట అని. పెద్దమ్మ మా ఇంటికొచ్చి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఓలమ్మ, ఇంటల్లుణ్ణి తొక్కమనడమేటే! పుస్తకాలు సదివి నేర్సుకున్నది ఇదేనా?" అని మా అమ్మను నిలదీసింది. పార సంగతి ఎవరూ అడగలేదు. కాగితాలు మాత్రం నేను చెప్పిన పేరుతోనే, నేను చెప్పిన అంకెతోనే తిరగరాసి పంపారు, సరుకు విడుదలైంది. విశాఖ కుర్చీలో బావగారి తమ్ముడు కూర్చున్నాడు. పార గుణమే అది, మట్టినంతా తనవైపు లాక్కోవడం. మావాళ్ళకు దాని పేరు తెలియకపోయినా దాని పని బాగా తెలుసు.

ఇన్నాళ్ళకు మళ్ళీ అదే మాట, తొక్కి సూడండి అనే మాట, ఆయన నోట పంక్తిలో నవ్వులు పండించింది. నేను అంటే పొగరు, ఆయన అంటే చమత్కారం. నేను విస్తరి మడిచి లేచాను. చెయ్యి కడుక్కుంటుంటే బావగారే వక్కపొడి నములుతూ పక్కకొచ్చారు. ఇప్పుడు నేను ఇంట్లోంచే నలుగురైదుగురు వ్యాపారులకు ఈ అంకెల పని చేసిపెడుతున్నానని ఆయనకు తెలుసు.

"అమ్మాయ్, ఆ దేశపోళ్ళు కొత్తగా మచ్చుకత్తులు అడుగుతున్నారు. కొమ్మలు నరుక్కోడానికంట. కత్తంటే నైఫే కదా, వంటింటి చాకుల్లో ఎయ్యమంటున్నాడు మా తమ్ముడు. రేపే పంపాలి, బేగి సెప్పు."

మచ్చుకత్తి గొడ్డళ్ళ పక్కన చేరాలి. చాకుల్లో వేస్తే పార కథ మళ్ళీ మొదలవుతుంది. నేను చెయ్యి తుడుచుకుని, తువ్వాలు జాగ్రత్తగా మడతపెట్టి, "డిక్షనరీ సూసుకోండి బావగారూ, రెండో తరగతి పిల్లడు సెప్తాడు" అన్నాను. ఆయన నమలడం ఆపారు. గుర్తొచ్చిందో లేదో తెలుసుకుందామని నేను ఆగలేదు.

షేర్ ఆటోలో ఇంటికొస్తుంటే రోలుగుంట రోడ్డు మలుపులో ఆ పాత కొలుములు కనబడ్డాయి. ఒకటి రెండు తప్ప అన్నీ చల్లారిపోయాయి. ఇప్పుడు పారలన్నీ మిషన్ మీద ఒకే అచ్చున వస్తున్నాయి, ఒకప్పుడు రేకు వంపు చూసి ఇది ఏ చేతి పనో చెప్పేవాళ్ళు. నేనూ ఆ మిషన్ పారలాగే తయారయ్యాను కాబోలు, గట్టిగా, నున్నగా. ఎన్ని తిట్లు తిన్నా తప్పు కనబడితే చెప్పకుండా ఉండలేక తలుపు దగ్గర వచ్చి నిలబడే సన్నగొంతు పిల్ల ఒకతి నాలో ఉండేది. ఆమె ఉంటే ఆ మచ్చుకత్తి సంగతి చెప్పేసేది. ఆమె మీద నాకు అప్పుడప్పుడు బెంగగా ఉంటుంది. ఆ రోజు మాత్రం, చెప్పనా వద్దా అని ఆమె తలుపు దాకా వచ్చింది, నేనే తలుపు వేసేశాను.